మణికట్టు పట్టుకునే మనిషి

పుంగనూరు దాటాక వచ్చే మలుపులో మొన్న నన్ను పోలీసులు ఆపారు. నలుగురు పోలీసులు, ఒక జీపు, జీపులో ఎస్సై, రోడ్డుకు అడ్డంగా ఇనుప కంచెలు. ఇది ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పిన లెక్క. ఉన్నది ఒక కానిస్టేబులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో తాను కూర్చోకుండా జాగ్రత్తగా కూర్చోబెట్టిన ఒక మిషను. నా పాత స్కూటరును పక్కకు తీయించి గొట్టం నా నోటి ముందు పెట్టాడు.

“ఊదు పెద్దాయనా.”

“నేనాప్పా? నా వయసు సూసే అడగతాండావా?”

“వయసు కనుక్కునే మిషను మాకియ్యల్యా. ఊదు.”

నేను తాగి బండి నడిపే మనిషిని కాదు. కాకపోతే ఆ పూట దగ్గు మందు ఒక మూత తాగి బయల్దేరాను. ఆ మందులో ఏముందో, ఈ మిషనులో ఏముందో, రెండూ కలిస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు? కళ్ళు మూసుకుని ఊదాను. మిషను కాసేపు ఆలోచించి పచ్చదీపం చూపించింది.

“పో పెద్దాయనా. బాగుండావు.”

“ఎవరు చెప్పినారు?” అన్నాను.

అనాలని అన్న మాట కాదు. నోట్లోంచి జారింది. కానిస్టేబులు నన్ను ఎగాదిగా చూశాడు.

“మిషను చెప్పిండాది. యాల, అనుమానమా?”

“ఆ మిషను బాగుండాదని ఎవరు చెప్పినారు?”

అతను గొట్టం మార్చి, ఇంకోసారి ఊదమన్నాడు.

ఆ మాట నాది కాదు. మదనపల్లె మిషన్ ఆసుపత్రి ఆవరణలో పుట్టి, దేశమంతా తిరిగి, పోయిన ఏడాది మళ్ళీ అదే ఊళ్ళో కన్నుమూసిన ఒక డాక్టరుది. ఆయన పేరు రాయను. బతికున్నప్పుడు కొత్తవాళ్ళెవరైనా పేరు పెట్టి పిలిస్తే “నా పేరు నీకెవరు చెప్పినారు?” అని అడిగి, ఆ చెప్పినవాడి పేరు రాబట్టేదాకా వదిలేవాడు కాదు. ఇప్పుడు నేను రాస్తే నా గతేమవుతుందో!

ఆయన ఏడడుగుల మనిషి. పోనీ, ఆరు. ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. ఎక్కడికి పోయినా గొడుగు, పాలిష్ పెట్టిన బూట్లు. వాళ్ళమ్మ ఆ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఈయన విమానదళంలో డాక్టరుగా చేసి, రిటైరై సొంత ఊరికొచ్చి, ఇంటి ముందుగదిలో బల్ల వేసుకున్నాడు. జలుబులకూ జ్వరాలకూ మందిచ్చేవాడు. అదిగాక, విమానాలు నడిపేవాళ్ళను పరీక్ష చేసి, ఎగరడానికి పనికొస్తారో రారో రాసే అధికారం కూడా ఆయనకుండేది. విమానాశ్రయమే లేని ఊళ్ళో ఆ అధికారం ఎందుకని మేమందరం నవ్వుకున్నాం గానీ, బెంగళూరు నుంచి కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ కార్లలో వచ్చేవాళ్ళు. వచ్చేటప్పుడు నవ్వుతూ వచ్చి, పోయేటప్పుడు తమ గుండె తమది కానట్టు చూసుకుంటూ పోయేవాళ్ళు.

ఆయన ఎవరికీ చెయ్యి కలిపినట్టు నేను చూడలేదు. మీరు చెయ్యి చాపితే అరచేతిని దాటి మణికట్టు దగ్గర పట్టుకునేవాడు. రెండు వేళ్ళు నాడి మీద ఆనించి, “ఎట్లుండావప్పా?” అనేవాడు. మీరు “బాగుండా సారూ” అంటే, “ఎవరు చెప్పినారు?” అనేవాడు. అంతటితో పలకరింపు అయిపోయేది. ఒకసారి ఎవరిదో పెళ్ళిలో వియ్యంకుడి మణికట్టు అలాగే పట్టుకుని, అతను దాచిపెట్టిన గుండె జబ్బు అక్కడికక్కడే బయటపెట్టాడనీ, పెళ్ళి ఆగినంత పనయిందనీ నేను చాలామందికి చెప్పాను. అంత లేదు. వియ్యంకుడికి జ్వరముందన్నాడు. నిజంగానే ఉంది. పెళ్ళి జరిగింది, భోజనాలు కూడా బాగున్నాయి.

నేను ఆయనకు పొద్దుటి నడకలో జతగాణ్ణి. బస్సుల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కండక్టరుది పెద్ద ఉద్యోగం కాదనేవాళ్ళు మదనపల్లె నుంచి కుప్పం దాకా నిండు బస్సులో టిక్కెట్లు కొట్టుకుంటూ నిలబడి చూడండి. నడక అయ్యాక ఇద్దరం టమాటాలు అమ్మే ఆమె దగ్గర ఆగేవాళ్ళం. డాక్టరు ఒక్కొక్క పండునూ వెలుతురుకెత్తి, తొడిమ దగ్గర నొక్కి, వాసన చూసి, కింద పెట్టేవాడు.

“కొంటావా సారూ, పెండ్లి సూపులకొచ్చినావా?” అనేది ఆమె.

“పండు బాగుండాదని ఎవరు చెప్పినారు?”

“నేనే చెప్తాండా గదా.”

“అమ్మేదానివి నువ్వే, సాక్షివీ నువ్వేనా?”

ఆమె తల కొట్టుకుని, మంచివన్నీ ఆయన సంచిలో తనే ఏరి వేసేది. అనుమానంవల్ల లాభం కూడా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

ఆదివారం చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభుబల్ల దగ్గరా అదే తంతు. పాస్టరు చిన్న గ్లాసులో ద్రాక్షరసం అందిస్తే, ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవాడట. పాస్టరు మెల్లగా “ద్రాక్షరసమే సారూ” అంటే, “పోయినసారి గూడా అట్లే చెప్పినావు” అనేవాడట. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. ముట్టనివాడికి అంత వాసన ఎలా తెలుసని ఊళ్ళో కొందరికి అనుమానం. విమానదళంలో తాగి పట్టుబడితే ఇంటికి పంపించారని ఒక పుకారు కూడా ఉండేది. నాకూ ఆ అనుమానం లేకపోలేదు. ఒకరోజు ఆయన లోపలికి వెళ్ళినప్పుడు ఆయన కాఫీ గ్లాసు వాసన చూశాను. కాఫీయే. చక్కెర కూడా లేదు.

అంత అనుమానం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు గనక నేనే ఒక కథ కట్టాను. ఒకప్పుడు ఒక పైలట్ ‘బాగున్నా’నంటే నమ్మి సంతకం పెట్టాడనీ, ఆ విమానం తిరిగి రాలేదనీ, ఆ రోజునుంచి ఎవరి మాటా నమ్మడనీ. టీ అంగడి దగ్గర ఈ కథ చెబితే వినేవాళ్ళ చేతుల్లో టీలు చల్లారిపోయేవి. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. నేను ఒకసారి నేరుగానే అడిగాను. “అనుమానానికి కారణం అడగతాండావే, నమ్మేటోళ్ళను ఎవురినన్నా కారణమడిగినావా?” అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

ఇక మావాడి సంగతి.

మా చెల్లెల్ని కుప్పం దగ్గర ఒక పల్లెకిచ్చాం. గొర్రెల మందే ఆ ఇంటి ఆస్తి. ఆమె మనవడు విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. వాడు లండనుకు నడుపుతున్నాడని నేను మదనపల్లెలో చెప్పుకునేవాణ్ణి గానీ, అప్పటికి వాడు ఉద్యోగం కోసం ఇంట్లోనే ఎదురు చూస్తున్నాడు. చివరికి ఒక విమాన కంపెనీ పిలిచింది. లైసెన్సుకు కావలసిన మెడికల్ గడువు దగ్గరపడింది. అది మళ్ళీ చేయించుకుని, ఫిట్ అని రాయించుకుపోతే చాలు, చేరిపోవచ్చు.

సరిగ్గా అప్పుడే వాళ్ళ ఊళ్ళో గంగమ్మ జాతర. నాకు జ్వరమొచ్చి పోలేకపోయాను. మా చెల్లెలు అమ్మవారి పొంగలి క్యారియరులో కట్టి, “అన్నకు వేడిగా ఇచ్చి రాపో” అని మనవణ్ణి బండి మీద పంపింది. పుంగనూరు దగ్గర పోలీసులు ఆపారు. ఊదాడు. మిషను అరిచింది. బండి అక్కడే పెట్టించారు. తర్వాత కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి వచ్చాడు. పొంగలి మాత్రం బస్సులో నాకు చేరింది. చల్లగా ఉన్నా బాగానే ఉంది.

అంతటితో పోయిందనుకున్నాం. పోలేదు. పైలట్ల మెడికల్‌లో ఆ సంగతి అడుగుతారు: తాగిన కేసులో ఎప్పుడైనా శిక్ష పడిందా అని. దాచి, రేపు బయటపడితే లైసెన్సే ఊడుతుంది. చెబితే, ఇది ఒకనాటి పొరపాటా, రోజూ ఉండే అలవాటా అని డాక్టరుకు అనుమానం రావచ్చు. అనుమానం తీరేదాకా వాణ్ణి నేల మీదే కూర్చోబెట్టవచ్చు. కంపెనీ అంతవరకూ కాచుకోదు. వేరే ఊళ్ళో వేరే డాక్టర్లున్నారు. కానీ మా చెల్లెలికి నేనే మాటిచ్చాను. “సారు నా చేతిలో మనిషి. నేను చెప్తే కాదనడు. పంపించు” అన్నాను.

ముందుగదిలో మావాడు చొక్కా విప్పి కూర్చున్నాడు. డాక్టరు కళ్ళు చూశాడు, చెవులు చూశాడు, బరువు చూశాడు. అప్పుడు అడిగాడు.

“తాగుడు కేసు ఏమన్నా ఉండాదా?”

“ఉండాది సార్” అన్నాడు మావాడు. “జాతరనాడు...”

వాడు చెప్పబోతుంటే నేను అందుకున్నాను. “కేసంటే కేసు గాదు సారూ. అమ్మవారి తీర్థం. ఉద్ధరిణెడు. అంతే. ఆ మిషను చెడిపోయిండాది.”

పెంచి చెప్పడమే కాదు, తగ్గించి చెప్పడం కూడా నాకు బాగా వచ్చు.

“సూసినావా, విన్నావా?” అన్నాడు డాక్టరు.

“సూసినా. నా కండ్ల ముందరే పుచ్చుకున్నాడు.”

“జాతరనాడు నీకు జ్వరం. మందిచ్చింది నేనే గదప్పా.”

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. డాక్టరు లేచొచ్చి ఒక చేత్తో మావాడి మణికట్టు, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు.

“వీనిది నింపాదిగా నడస్తాండాది. నీదే పరిగెత్తతాండాది” అన్నాడు నాతో. “ఉద్ధరిణెడు తీర్థం కుప్పంలో పుచ్చుకుంటే పుంగనూరు వచ్చేలోపల యాడుంటాదప్పా? మిషను యాల అరస్తాది? అబద్ధం చెప్పాలనుకుంటే లెక్క కుదిరేదన్నా చెప్పు.”

ఆ రోజు ఆయన ఏమీ రాయలేదు. రక్తపరీక్షలకు చీటీ ఇచ్చి పంపేశాడు. మావాడు నాకంటే ముందు నడిచి ఇంటికొచ్చాడు. గేటు దగ్గర ఆగి అన్నాడు: “తాతా, నన్ను చెప్పనిచ్చింటే అయిపోయేది.” ఆ సాయంత్రమే కుప్పం బస్సెక్కి పోయాడు.

నాకు ఆ రాత్రి నిద్ర లేదు, కోపంతో. ఈయన చుక్క ముట్టని మనిషి, పైగా మా అమ్మవారంటే గిట్టదేమో. నా జ్వరం సంగతి గుర్తు పెట్టుకున్నాడంటే ఎన్నాళ్ళనుంచి నన్ను కాచుకుని ఉన్నాడో. ఇన్నాళ్ళ నడకంతా నన్ను పరీక్ష చేయడానికేనేమో. ఇలా ఏవేవో అనుకున్నాను. మర్నాడు నడకకు పోలేదు. ఆయనే వచ్చాడు, గొడుగుతో.

“కుప్పం బస్సు ఎన్నింటికప్పా?”

“యాల సారూ?”

“ఆ ఉద్ధరిణె సూడల్ల.”

ఇది ఆయన పని కాదు. ఏ డాక్టరూ ఇలా బయల్దేరడు. నేను లోపలికి పోయి మా చెల్లెలికి ఫోన్ చేశాను. ఎవరింట్లోనైనా అడిగి ఒక ఉద్ధరిణె తెచ్చి, అమ్మవారి పటం ముందు పెట్టమన్నాను. ఆమె “ఊఁ” అంది. ఆ ఊఁకు నేను వేరే అర్థం చేసుకున్నాను.

బస్సులో డాక్టరు కిటికీ పక్కన కూర్చుని, కండక్టరు ఇచ్చిన టిక్కెట్టును ముందూ వెనకా చదివాడు. పలమనేరు దాటాక ఇంకోసారి చదివాడు.

మా చెల్లెలు ఆయనకు మంచం మీద దుప్పటి వేసి, మజ్జిగ ఇచ్చింది. ఆయన వాసన చూసి తాగాడు. ఆమె అది గమనించి నా వైపు చూసింది. తర్వాత లోపలికి పోయి, రెండు చేతులతో మోసుకుంటూ ఒక కంచుచెంబు తెచ్చి ఆయన ముందు పెట్టింది. బిందెకు తమ్ముడిలా ఉంది. సరే, బిందెకు మనవడిలా ఉంది.

“మా యన్న ఉద్ధరిణె సూపించమన్నాడు సారూ. మా ఇంట్లో ఉద్ధరిణె ల్యా. జాతరకు ఎత్తేది ఇదే.”

డాక్టరు నా మొహం చూడలేదు. అది ఆయన మంచితనం.

ఆమే అంతా చెప్పింది. ఏటా జాతరనాడు మందకాపు ఇంటి, అంటే మందలకు పెద్ద అయిన ఈ ఇంటి, మగవాడు ఆ చెంబు నిండా కల్లు పట్టుకుని అమ్మవారి ముందు నిలబడాలి. కొంచెం అమ్మవారికి పోసి, మిగిలింది చెంబు కింద పెట్టకుండా తాగి దించాలి. మధ్యలో కింద పెడితే మందకు రోగమొస్తుందని నమ్మకం. మా బావ బతికున్నన్నాళ్ళూ ఆయనే ఎత్తాడు. ఆయన పోయాడు. కొడుక్కు కామెర్లు వచ్చి తగ్గినాక చుక్క ముట్టరాదన్నారు. ఇక మిగిలింది మనవడు.

“తాగడం తెలీనోడు సారూ వాడు” అంది. “ఎత్తిన సెంబు దించకుండా ఎట్ల పుచ్చుకున్నాడో అమ్మవారికే తెలుసు.”

“అయితే తాగినాడు.”

“తాగేదేంది సారూ? తీర్థం గదా. మా ఇంట్లో తాగేటోళ్ళు ల్యారు.”

ఆమె దాచడం లేదు. ఆ ఇంట్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. అంగడిలో సీసా కొంటే తాగుడు, అమ్మవారి ముందు చెంబెత్తితే తీర్థం. నాకూ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అంతే. డాక్టరు ఆ చెంబులో నీళ్ళు పోయించి, నా చేతికిచ్చాడు.

“కింద పెట్టకుండా తాగప్పా.”

ఒక్క గుక్కలో ఖాళీ చేసి చూపిస్తానన్నాను. సగం కూడా కాకముందే ఊపిరాడలేదు, నీళ్ళు చొక్కా మీదా పంచె మీదా పడ్డాయి. మా చెల్లెలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరు చెంబు తీసుకుని లోపల మిగిలింది వంచి చూశాడు.

“ఇప్పుడు మిషను అరిచిన లెక్క కుదిరిండాది” అన్నాడు.

అప్పుడు గోడకానుకుని నిలబడ్డ మావాణ్ణి పిలిచాడు. “ఇది దించినాక బండెక్కినావు గదా. ఎక్కేటప్పుడు ఎట్లుండావు?”

“బాగుండా సార్.”

“ఎవరు చెప్పినారు?”

నేను ఆ మాట కొన్ని వందలసార్లు విన్నాను. విని నవ్వాను, విసుక్కున్నాను, వెనక అనుకరించాను. దానికి జవాబు చెప్పాలని ఎవరైనా ఆలోచించడం మాత్రం అదే మొదటిసారి చూశాను. వాడు చెంబు చేతిలోకి తీసుకుని లోపలికి తొంగి చూశాడు.

“నేనే సార్. నేనే చెప్పుకున్నా.”

“తాగినోనివి నువ్వే, సాక్షివీ నువ్వేనా?”

ఆయన గొంతు పెంచలేదు. “కల్లు లోపలికి పోయి మొట్టమొదట చేసే పని అదేనప్పా. బాగుండావు, బాగుండావు అని నీ గొంతుతోనే నీకు చెప్తాది. నేల మీదయితే గుంతలో పడి లేస్తావు. పైన నీ యెనక కూర్చున్నోళ్ళు యాడ లేస్తారు?”

వాడు తల వంచుకుని, “ఇది రాయండి సార్. మొత్తం రాయండి” అన్నాడు.

మా చెల్లెలికి అప్పుడు అర్థమైంది ఆట ఎటు పోతోందో. “అయితే వాడు ఇంక సెంబు ఎత్తకూడదా సారూ? సెంబు నిలిచిపోతే నా మంద ఏం గావల్ల?”

“అమ్మవారి సంగతి నాకు తెలీదమ్మా. విమానం సంగతే తెలుసు.”

“ఇంట్లో మగోడు ఎత్తల్ల సారూ. ఉండేది వీడొకడే.”

“మగోడే ఎత్తల్లని ఎవరు చెప్పినారు?” అన్నాడు డాక్టరు. అలవాటు కొద్దీ అన్నాడు. గొడుగు అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు.

మా చెల్లెలు జవాబు చెప్పబోయింది. చెంబు వైపు తిరిగి దాన్ని కొత్తగా చూసినట్టు చూసింది.

డాక్టరు ఏం రాశాడంటే: జరిగిందంతా, వాడు చెప్పింది చెప్పినట్టు. తర్వాత ‘ప్రస్తుతానికి అన్‌ఫిట్’ అని. బెంగళూరులో ఇంకా పెద్ద డాక్టర్ల దగ్గర పరీక్షలు, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ పరీక్షలు. అలవాటు లేదని తేలితే అప్పుడు చూద్దామన్నారు. కంపెనీ ఆగలేదు. మావాడి జతవాళ్ళు చేరిపోయారు. వాడు కుప్పంలో గొర్రెల వెనక తిరుగుతూ, పైన విమానం పోతే తల ఎత్తకుండా ఉండడం నేర్చుకున్నాడు.

నేను డాక్టరుతో మాటలు మానేశాను. ఊరంతా తిరిగి చెప్పాను: అసూయ, కులం చూశాడు, మతం చూశాడు, ఎవరో డబ్బిచ్చి రాయించారు. చెప్పిన ప్రతిదీ చెబుతుండగానే నిజమనిపించేది. ఇంటికొచ్చి కూర్చుంటే ఒక్కటీ నిలబడేది కాదు. అయినా నాకు ఒక అనుమానం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు: ఆయన అదంతా మావాడి మేలు కోసం చేశాడా, అనుమానం ఆయనకు కాఫీలాంటిది గనక చేశాడా? అడగడానికి ఆయన లేడు. ఉన్నా చెప్పేవాడు కాదు.

ఒక పొద్దున ఆయనే మా గేటు దగ్గరికొచ్చి, నేను మొహం తిప్పుకునేలోపల మణికట్టు పట్టుకున్నాడు.

“నాడి గట్టిగా కొడతాండాది. నా మీద కోపమా, ఉప్పు ఎక్కువ తింటాండావా?”

“రెండూ” అన్నాను.

“ఉప్పు తగ్గించు” అని నడక మొదలుపెట్టాడు. నేను వెనకే పోయాను.

మరుసటి జాతరకు ఆయన్ను ఎవరూ పిలవలేదు. పొద్దున్నే బస్టాండులో నా పక్కన నిలబడి ఉన్నాడు. “మీ చెల్లెలు సెంబెత్తతాండాదని విన్నా. సూడల్ల గదా” అన్నాడు.

ఊరంతా గుసగుసలు. ఆడమనిషి ఎత్తితే ఏమవుతుందోనని కొందరు తమ మందలను ముందే దూరంగా తోలేశారు. పూజారి కూడా మొదట ఒప్పుకోలేదు. “ఎత్తకూడదని అమ్మవారు నీతో చెప్పిందా సామీ? సూసినావా, విన్నావా?” అని అడిగిందట మా చెల్లెలు. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు గానీ నేను బయటపడలేదు.

ఆమె చెంబెత్తింది. డప్పులు ఆగిపోయాయి. గొంతు కదలడం దూరానికి కూడా కనిపిస్తోంది. ఒకచోట ఆగింది. చెంబు కొంచెం కిందికి వాలింది. నా పక్కనున్న మావాడు ముందుకు అడుగు వేశాడు, తాను అందుకోవాలని. డాక్టరు గొడుగు కొక్కెంతో వాడి చెయ్యి పట్టి ఆపాడు. ఆమె ఊపిరి తీసుకుంది. మళ్ళీ ఎత్తింది. దించి, చెంబు బోర్లించి చూపించింది. చుక్క రాలలేదు.

జనం కేకలు వేస్తుంటే ఆమె నేరుగా డాక్టరు దగ్గరికొచ్చి మణికట్టు చాపింది.

“సూడు సారూ. బాగుండానా?”

ఆయన రెండు వేళ్ళు ఆనించి చాలాసేపు చూశాడు. “ఈ పొద్దు బండెక్కద్దమ్మా” అన్నాడు.

“నాకు బండి యాడిది సారూ? గొర్రెలే గదా.”

ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. నవ్వాడో, ఎండకు మొహం ముడుచుకున్నాడో, ఖాయంగా చెప్పలేను. ఆ ఏడు మందకు ఏ రోగమూ రాలేదు. ప్రతి గొర్రెకూ రెండేసి పిల్లలు పుట్టాయని నేను మదనపల్లెలో చెప్పాను గానీ, ఎప్పటిలాగే పుట్టాయి.

పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాక మావాడికి ఫిట్ అని రాశారు. కొంత కాలానికి వేరే కంపెనీ పిలిచింది. మొదటి కంపెనీ అంత పెద్దది కాదు. వాడు దాని గురించి ఎప్పుడూ మాట్లాడడు.

డాక్టరు పోయినప్పుడు వాడు రాలేకపోయాడు, డ్యూటీలో ఉన్నాడు. నేనూ మా చెల్లెలూ పోయి చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాం. పాస్టరు మంచి గొంతుతో, “మన సహోదరుడు ఇప్పుడు ఏ బాధా లేని చోట క్షేమంగా ఉన్నాడు” అన్నాడు. మా చెల్లెలు నా చెవిలో “ఎవరు చెప్పినారు?” అంది. ఇద్దరం తలలు వంచుకున్నాం. ఏడుస్తున్నామని ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగి జాలిగా చూశారు. అది కొంత నిజం.

మొన్న ఆ కానిస్టేబులు దగ్గర రెండోసారి కూడా ఊది, ఇంటికొచ్చి, మా ఆవిడకు నలుగురు పోలీసుల కథ చెప్పి, మావాడికి ఫోన్ చేశాను. విమానం ఎక్కేముందు వాళ్ళు కూడా మిషనులో ఊదాలి, ప్రతి డ్యూటీకీ. ఊది, పచ్చదీపం చూశాకనే లోపలికి పోనిస్తారు. వాడి వెనక విమానాశ్రయం రొద వినిపిస్తోంది.

“ఎట్లుండావురా?” అన్నాను.

“తెలీదు తాతా. ఇంకా ఊదల్యా.”